పాటయు, పటమును

గతవత్సరపు అర్ధవార్షిక పరీక్షయందు మా ఎనిమిదవ తరగతి విద్యార్థులకు మేమొక సులభమైన ప్రశ్న నిచ్చితిమి. మూసీనది ఎచ్చట పుట్టి, ఏ నదిలో కలియుచున్నదో తెలుపుమనుటయే ఆ ప్రశ్న. ఆ నది ఉప్పల్ ఊరికి దక్షిణపుటంచున పారుచున్నది. నాగోలు వంతెన దాటి ప్రతిదినము బడికి వచ్చు పిల్లలును మాకు కొందరు కలరు. అయినను జవాబులు చూడగా మాకు నవ్వును, దుఃఖమును ఒక్కసారియే కలిగినవి. ఒకరు మూసీని గోదావరిలో కలిపిరి. ఒకరు హుస్సేన్ సాగరములో కలిపిరి. ఒక బాలుడు "డ్రైనేజీలో" అని యొక్క మాట వ్రాసి ఊరకుండెను. వాడు తన కన్నులకు కనబడినదే వ్రాసినాడని తలచి మేము వానిని కోపింపలేదు గాని, మార్కు మాత్రము ఈయలేదు.

ఆ వారమునందే శనివారపు సభలో ఆ బాలుడు లేచి ఒక పాట పాడెను. 1971వ సంవత్సరపు "మట్టిలో మాణిక్యం" అను చలనచిత్రమునకై డాక్టరు సి. నారాయణరెడ్డిగారు రచింపగా ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు పాడిన రిక్షావాని పాట యది. ఈ కాలపు పిల్లవానికి అంత పాతపాట ఎట్లు వచ్చెనని విచారింపగా, వాని తాతగారు పూర్వము సికింద్రాబాదులో రిక్షా త్రొక్కినవారనియు, మనుమనికి దానిని ఆయనయే నేర్పెననియు తెలిసినది. అక్షరము తప్పక, తాళము తప్పక బాలుడు పాడుచుండగా నగరములోని పేరుగల చోట్లన్నియు వరుసగా వాని నోట వెలువడుచుండెను. అప్పుడు మాకొక సందేహము కలిగినది. ఇన్ని చోట్ల పేర్లను రాగముతో సహా మనస్సున నిలుపుకొన్న బాలునికి భూగోళము రాదనుట యెట్లు? నేర్చుట వానికి రాదా, నేర్పుట మాకు రాదా?

అది మొదలు ఈ సంవత్సరమంతయు మా భూగోళపు తరగతులలో పాటలను ఉపయోగించి చూచితిమి. ఇది మేము కనిపెట్టిన క్రొత్త పద్ధతి కాదు. మన వీధిబడులలో ఎక్కములు, తిథులు, నక్షత్రములు, నెలలు రాగయుక్తముగానే వల్లెవేయించెడివారు. అయితే సినిమాపాటలు మిషను పాఠశాల గోడలలోపల వినబడుట కొందరు తలిదండ్రులకు వింతగా తోచినది. "వాటిని ఇంటిదగ్గర వినుచునే యున్నారు గదా, అందుకొరకు ఫీజు కట్టి పంపవలయునా?" అని యొక తండ్రిగారు మమ్ము ముఖముమీదనే అడిగిరి. ప్రక్క తరగతిలో లెక్కలు చెప్పుకొనుట కష్టముగా నున్నదని సాటి ఉపాధ్యాయులొకరు చెప్పిరి. రెండవ ఆక్షేపణము న్యాయమైనది. కావున పాట వినుటను సాయంకాలపు చివరి గంటకు మార్చుకొంటిమి. మొదటి ఆక్షేపణమునకు నోటిమాటతో చెప్పిన సమాధానము చాలలేదని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

రిక్షావాని పాటతోనే ఆరంభించితిమి. అందొక చరణములో చార్మినారు, మసీదు, అసెంబ్లీ హాలు, జూబిలీ హాలు, హుస్సేన్ సాగరము వచ్చును. సాగరము దాటినచో సికింద్రాబాదు వచ్చునని కవి చెప్పును. పిల్లలకు తలకొక తెల్లకాగిత మిచ్చి, చార్మినారును అడుగుభాగమున గుర్తించి, తక్కినవానిని పాటలోని వరుసనుబట్టి ఎవరికి తోచినచోట వారిని గుర్తింపుమంటిమి. ఆ కాగితములను చూచినవారెవరును పొట్ట చెక్కలగునట్లు నవ్వక మానరు. కొందరు సికింద్రాబాదును చార్మినారు ప్రక్కనే నిలిపిరి. ఒక బాలిక హుస్సేన్ సాగరమును చార్మినారునకు దక్షిణముగా త్రవ్వించినది.

తరువాత నగరపు పటమును గోడకు వ్రేలాడదీసి, పాటను మెల్లగా మరల వినిపించుచు, ఒక్కొక్క పేరు వచ్చినపుడు ఒక్కొక్కరు వచ్చి గుండుసూది గ్రుచ్చవలెనంటిమి. సూదులన్నియు గ్రుచ్చినపిమ్మట దారము చుట్టి చూడగా, రిక్షా దక్షిణమునుండి ఉత్తరమునకు పోవుచున్నదని అందరికిని తేటపడినది. కవి పేర్లను ఊరక ప్రాస కొరకు పేర్చలేదు. త్రోవ వరుసనే పేర్చెను. దారమును పటము క్రింది కొలబద్దమీద పరచి, ఎన్ని కిలోమీటర్లు త్రొక్కవలసివచ్చునో లెక్కించిరి. ఆ రిక్షా తాతగారి మనుమడు సంతోషముతో ఉబ్బిపోయెను.

అంతలో వెనుక బల్లమీదనుండి ఒకడు అడిగెను: "సార్, మరి మూసీ ఏదీ?" చూడగా నిజమే! చార్మినారునుండి అసెంబ్లీకి పోవువాడు మూసీ దాటక పోవుటకు వీలులేదు. దారము నదిని అడ్డముగా కోయుచున్నది. కాని ఆ చరణములో నది పేరు లేదు. రిక్షా ఆకాశమార్గమున ఎగిరిపోయెనా యని నవ్వుకొని, ఏ వంతెనమీదుగా పోయియుండునో వెదకితిమి. 1578లో కట్టిన పురానాపూల్ చాల పడమటనున్నది. అఫ్జల్‌గంజు ప్రక్కనున్న నయాపూలే త్రోవకు సరిగా వచ్చునని పిల్లలు తేల్చిరి. అటుపై నది పుట్టుకనుగూర్చి చెప్పుటకు మేము శ్రమపడనక్కరలేకపోయెను. వికారాబాదువద్ద అనంతగిరికొండలలో పుట్టి, తూర్పుగా ప్రవహించి, నగరమును రెండుగా చీల్చి, మన ఉప్పల్ అంచున సాగి, సుమారు 240 కిలోమీటర్లు నడచి నల్లగొండ జిల్లా వాడపల్లివద్ద కృష్ణలో మూసీ కలియునని వారే వ్రేలితో పటముమీద నడిపించి చూపిరి. 1908 సెప్టెంబరు 28వ తేదీనాటి వరద, విశ్వేశ్వరయ్యగారి ఆలోచన, పిమ్మట కట్టిన ఉస్మాన్ సాగరము (1920), హిమాయత్ సాగరము (1927) అన్నియు ఆ దారము వెంటనే వచ్చినవి. పాటలో లేని నదినుండియే ఆనాటి పాఠమంతయు పుట్టినది.

ఇచ్చట మేము గ్రహించిన సంగతి నొకదానిని చెప్పవలెను. పాట చోటు పేరును చెప్పును. దానిమీద ప్రేమను పుట్టించును. కాని ఆ చోటు ఎచ్చటనున్నదో చెప్పదు. ఆ పని పటముది. పాటను నమ్మి కూర్చున్నచో భూగోళము రాదు. పాటను పటము ముందు నిలువబెట్టి, సాక్షిని ప్రశ్నించినట్లు ప్రశ్నింపవలెను. ఆదివారమునాడు యొర్దాను నదినిగూర్చి మనోహరముగా గానము చేయు మన పిల్లలలో, ఆ నది మృతసముద్రములో కలియుననియు, ఆ సముద్రపు తీరము భూమిమీది నేలలన్నిటిలో మిక్కిలి పల్లమైనదనియు ఎరిగినవారెందరు? పాడిన పేరు తెలిసిన చోటుగానే తోచుచుండును. అందులోనే మోసమున్నది.

సినిమాపాటయందు ఈ మోసము మరింత ఎక్కువ. పిల్లలకు దీనిని బోధపరచుటకు నాచారము మాకు చాల సహాయపడినది. నందమూరి తారక రామారావుగారు నెలకొల్పిన రామకృష్ణా స్టూడియో నాచారమునందే యున్నదని వినినపుడు, ఆ వీధులలోనే పెరిగిన పిల్లలు కొందరు ఆశ్చర్యపడిరి. స్టూడియోలో చెక్కతోను, గుడ్డతోను, రంగుతోను పర్వతమును నిలుపవచ్చును. అట్టల కోటను కట్టవచ్చును. ఒక సినిమాపాటకు మూడు ఊళ్లుండును: మాటలలోని ఊరొకటి, తెరమీద కనబడు ఊరొకటి, పాటను రికార్డు చేసిన ఊరొకటి. గోదావరిని పొగడు పాటను మద్రాసులో రికార్డు చేసియుండవచ్చును. నాయికానాయకులు ఊటీ కొండలలోనో, పరదేశపు మంచులోనో నడచుచుండవచ్చును. తెలుగు చిత్రములు బహుకాలము మద్రాసునందే తయారగుచుండుటకు కారణమేమి, పిమ్మట హైదరాబాదునకు మెల్లమెల్లగా ఎట్లు తరలివచ్చినవి అను విషయమును మేము ఆర్థిక భూగోళముగా చెప్పితిమి. 1956లో రాష్ట్రమేర్పడి హైదరాబాదు రాజధాని యగుట, ప్రభుత్వపు ప్రోత్సాహము, స్థలము దొరకుట, ఇవి యన్నియు కలిసి ఒక పరిశ్రమను ఊరు మార్చినవి. పాఠ్యపుస్తకములో "పరిశ్రమల స్థాననిర్ణయము" అను శీర్షిక చూడగానే ఆవులించు పిల్లలు, నటుల ప్రసంగము వచ్చినంతనే నిటారుగా కూర్చుండిరి.

మేము చేసిన తప్పొకటియు ఇచ్చట ఒప్పుకొనవలసియున్నది. పాటల మహిమ చూచి ఉత్సాహము పెరిగి, కృష్ణ ఉపనదులను, గోదావరి ఉపనదులను ఒక ప్రసిద్ధమైన సినిమా వరుసలో మేమే కట్టి పిల్లలకు నేర్పితిమి. రెండు దినములలో తరగతియంతయు ఏకకంఠముతో పాడినది. ఆ గానమును విని హెడ్మాస్టరుగారు కూడ మెచ్చుకొనిరి. తరువాతి వారము "మంజీర ఏ నదికి ఉపనది?" అని అడుగగా పిల్లలు మొదటినుండి పాట నెత్తుకొని, మంజీర వచ్చువరకు పాడి, అచ్చట ఆగి, ఏ నది చరణములో నున్నామో మరచిపోయి మావైపు చూచిరి. మంజీర గోదావరి ఉపనది యని మరల పటముమీదనే చూపవలసివచ్చినది. పాఠముకొరకు గురువు కట్టిన పాటలో రుచి యుండదు, ప్రశ్నయు ఉండదు. పిల్లలు ముందే ప్రేమించిన పాటను తీసికొని దానిని శోధించుటయే మేలని అప్పటినుండి మా నిశ్చయము. శిక్షణ కళాశాలలో మాకు తద్విరుద్ధముగా బోధించిరి. ఈ విషయమున అనుభవమే మాకు ప్రమాణము.

జాతీయగీతమును మన పిల్లలు ప్రతి ఉదయము పాడుదురు. దానిలోని చోట్ల పేర్లను భారతదేశపు పటముమీద గుర్తింపుమనగా, పంజాబు, గుజరాతు, మహారాష్ట్రము, ఉత్కళము, వంగము, వింధ్య హిమాచలములు, గంగా యమునలు దొరకినవి. సింధు దేశముకొరకు వెదకి వెదకి సరిహద్దు దాటిపోయిరి. రవీంద్రుని గీతము 1911లో మొదట పాడబడినది. 1947లో సింధు పాకిస్తానమునకు పోయినది. ఆ పేరును మార్చవలెనని వచ్చిన వ్యాజ్యమును 2005లో సుప్రీంకోర్టు అంగీకరింపలేదు. దేశపుటెల్లలు మారును గాని పాట మారదని ఇంతకంటె చక్కగా ఏ పాఠము చెప్పగలదు? రవీంద్రుడు ఆ గీతమును ఇంగ్లీషులోనికి మార్చినది 1919లో మన మదనపల్లెలో నని చెప్పినపుడు, మదనపల్లె ఎచ్చటనో చూపుమని పిల్లలే అడిగిరి. చిత్తూరు సీమలోని ఆ ఊరికిని సూది గ్రుచ్చితిమి.

2024లో రాష్ట్రగీతముగా స్వీకరింపబడిన అందెశ్రీగారి పాటను తీసికొని రెండు గంటలు గడపితిమి. దానిలో గోదావరీ కృష్ణలును కలవు, సింగరేణియు కలదు. సింగరేణి బొగ్గుగనులు గోదావరి లోయవెంటనే యేల యున్నవి, మన తెలంగాణములో కృష్ణవైపున ఏల లేవు అని అడిగితిమి. గోదావరి లోయయందు మిక్కిలి పూర్వకాలమున నేల క్రుంగి, అడవులును, మట్టియు పొరలుపొరలుగా పూడి బొగ్గైనవి. కృష్ణవైపున అట్టి పొరలు లేవు. ఇక ఆ రెండు నదులనీళ్లను మన బీడుభూములకు మరలింపవలెనని కవి కోరినాడు. నదులు మన రాష్ట్రముననే పారుచుండగా మరలింపవలసిన అవసరమేమి? పొలములు మెట్టమీద, నదులు పల్లమున నున్నవి, అదియే కారణము. హైదరాబాదునకు గోదావరినీటిని తెచ్చు ఎల్లంపల్లి జలాశయపు మట్టము సముద్రమునకు 148 మీటర్ల ఎత్తు. నగరమో 500 మీటర్లకు పైబడి యున్నది. ఆ నీటిని పంపులతో కొండ నెక్కించినట్లు ఎక్కించి 2015 చివరినుండి నగరమునకు ఇచ్చుచున్నారు. ఇందు మరియొక చమత్కారము కలదు. గోదావరినుండి తెచ్చిన నీటిని మనవారు త్రాగుదురు. వాడివేసిన నీరు మూసీలో పడి కృష్ణలోనికి పోవును. రెండు మహానదులను మన ఇంటి కుళాయియు, మన వీధి కాలువయు కలుపుచున్నవని చెప్పగా, వెనుక "డ్రైనేజీ" యని వ్రాసిన బాలుడు చేయెత్తి, "అయితే నా జవాబు సగము రైటే గద సార్!" అనెను. వానికి సగము మార్కు ఇచ్చితిమి.

శేఖర్ కమ్ములగారి "గోదావరి" చిత్రము (2006) పిల్లలకు ఇప్పటికిని ప్రియమైనది. వేటూరి సుందరరామమూర్తిగారు వ్రాసిన అందలి గోదావరి పాటను వినిపించి ఒక్క ప్రశ్న మాత్రము వేసితిమి: రాజమహేంద్రవరమునుండి భద్రాచలమునకు పోవు ఆ పడవ ప్రవాహముతో పోవుచున్నదా, ప్రవాహమున కెదురుగా పోవుచున్నదా? తరగతి రెండు పక్షములైనది. దేశపటములో ఉత్తరము పైననుండుటచే "పైకి" పోవుచున్నదని ఒకరు, నది సముద్రమువైపు పోవును గనుక ఎదురేగుచున్నదని ఒకరు వాదించిరి. ఇరువురు చెప్పినదియు ఒకే నిజమైనను, కారణము తెలిసినవారు రెండవ పక్షమువారే. పాపికొండల నడుమ నది ఇరుకై లోతగుట, ధవళేశ్వరమువద్ద కాటన్ దొరగారి ఆనకట్ట (1852), కూనవరమువద్ద శబరి వచ్చి కలియుట, ఇవి పడవ వెంటనే చూచుకొంటిమి. చిత్రము తీసిననాడు ఆ ప్రయాణమంతయు ఒక్క రాష్ట్రముననే జరిగినది. 2014 తరువాత భద్రాచలము తెలంగాణమున నిలువగా, కూనవరము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. నేడు అదే పడవ రాష్ట్రపు సరిహద్దును దాటవలెను. నదికి మాత్రము ఆ సంగతి తెలియదు.

గోరటి వెంకన్నగారు వాగు ఎండిపోవుటనుగూర్చి కట్టిన పాటను వినిపించినదినము తరగతి నవ్వలేదు. మన నాచారపు కర్మాగారములలో పనిచేయువారనేకులు పాలమూరు, నల్లగొండ పల్లెలనుండి వచ్చినవారు. వారి పిల్లలు మా బల్లలమీద కూర్చుండియున్నారు. వాగు ఏల ఎండెనని ఇంట అడిగి రండని పంపితిమి. మరునాడు తెచ్చిన జవాబులు ఏ పుస్తకములోను లేనంత చక్కగా నున్నవి. ఇసుక నెత్తుకొనిపోయిరని ఒకరి నాయన చెప్పెను; బోర్లు వేసి వేసి నీరు క్రిందికి పోయెనని ఒకరి అవ్వ చెప్పెను; చెరువు తెగినపిమ్మట మరల కట్టలేదని ఒకరు. మేము దానికి నేలక్రింది కారణమును చేర్చితిమి. మన హైదరాబాదు చుట్టుప్రక్కల నేల సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటి గ్రానైటు రాయి. ఆ రాయి నీటిని పీల్చుకొనదు. పగుళ్లలోను, పైనున్న మెత్తని పొరలోను మాత్రమే నీరు నిలుచును. అందుచేతనే మన పూర్వులు నీరు నేలలో ఇంకునని నమ్మి కూర్చుండక, పల్లమున్నచోట నెల్ల కట్ట వేసి చెరువులు కట్టిరి. ఒక చెరువు నిండి మత్తడి దుమికినచో ఆ నీరు క్రింది చెరువునకు, అది నిండినచో దాని క్రిందిదానికి పోవును; గొలుసుకట్టు చెరువులని వీనికి పేరు. నేల గుట్టును శోధించు జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961నుండి ఈ ఉప్పల్ త్రోవలోనే యున్నది. సర్వే ఆఫ్ ఇండియావారు పటములు గీయు విద్య నేర్పు సంస్థయు ఉప్పల్ నందే కలదు. ఇంత విద్య ఇరుగుపొరుగున నుండగా మన పిల్లలకు పటము చూచుట రాకపోవుట మాకు సిగ్గు కలిగించు సంగతి.

ఇట్లుండగా పిల్లలే యొక దినము అడిగిరి: రిక్షావాని పాటలో మన ఉప్పల్ ఏది? నాచారము ఏది? 1971 నాటికి ఇటువైపు నగరముగా ఎవరును ఎన్నలేదు. పాటయు తూర్పుదిక్కు తిరుగలేదు. సరే, తూర్పు చరణమును మీరే వ్రాయుడంటిమి. నియమ మొక్కటి: పాటలో పెట్టిన ప్రతి చోటునకు దిక్కు చెప్పవలెను, ఆ దిక్కు పటముతో సరిపోవలెను. క్రికెట్టు మైదానమును అందరును పెట్టిరి. మెట్రో స్టేషనును, వరంగల్లు రహదారిని, స్టూడియోను, కర్మాగారపు గొట్టములను పెట్టిరి. ఒక జట్టు నాచారపు పెద్దచెరువును పెట్టి, దాని మత్తడినీరు ఉత్తరముగా పోవునని వ్రాసినది. మరొక జట్టు కాదు, దక్షిణముగా పోవుననెను. వాదము ముదరగా మేము శనివారము ఉదయమున అందరిని చెరువుకట్టమీదికి తీసికొనిపోయితిమి.

కట్టమీద నిలిచినచో ఒకవైపు గుర్రపుడెక్కయు, చెత్తయు నిండిన నీరు. మరొకవైపు పల్లమున మేడలు. దుర్వాసన భరింపరాకున్నది. నీరు మూసీవైపు, అనగా దక్షిణముగా పోవలసినదేనని దిక్సూచి చెప్పుచున్నది. అయితే ఏ త్రోవను పోవును? కాలువ కొంతదూరము కనబడి, ఒక గోడక్రింద మాయమైనది. అప్పుడు, సంవత్సరమంతయు మా తరగతిలో నోరు విప్పని యొక బాలిక ముందుకు వచ్చి, "ఇటుకెళ్లి కాదు సార్. మా ఇంట్లకు నీళ్లు రోడ్డు మీదికెళ్లి రాలే. వెనుక గోడ సందులకెళ్లి వచ్చినయ్" అని చెప్పినది. 2020 అక్టోబరు 13వ తేదీరాత్రి సంగతి అది. మనకు తూర్పున ఘట్కేసరు ప్రాంతమున ఆ యొక్కదినమున 32 సెంటీమీటర్ల వర్షము కురిసినది. నగరములో చెరువులు పొంగి కాలనీలు మునిగినవి. అప్పటికి చాల చిన్నదైన ఆ పిల్లను తండ్రి భుజముమీద కూర్చుండబెట్టుకొని మేడమీదికి చేర్చెనట. తమ సామాను కొట్టుకొనిపోయిన వైపును, నీరు వచ్చిన వైపును ఆమె మరువలేదు. ఆమె ముందు నడువగా మేమందరము వెంట నడచితిమి. నాలుగు సందులు దాటినపిమ్మట, ఇండ్ల వెనుక, మూతవేసిన రాళ్లక్రింద, కాలువ మరల కనబడినది. ఎవరి పటములోను లేని ఆ కాలువను ఆమె చూపినది.

మరునాటినుండి మా తరగతిలో ఆమె స్థానము మారినది. తూర్పు చరణమును దిద్దుటకు జట్లు ఆమెనే అడుగుచున్నవి. మునుపు మమ్ము నిలదీసిన తండ్రిగారు తమ వీధిలో 2020 నాటి నీరు గోడమీద విడిచిన చారను పిల్లలకు చూపి, దాని ఎత్తును కొలిపించిరి. ఆయన పాటలనుగూర్చి తన అభిప్రాయమును మార్చుకొనిరో లేదో మేము అడుగలేదు.

పిల్లలు వ్రాసిన చరణము ఈ వార్షికోత్సవమునాడు పాడబడును. దానికంటె మాకు ముఖ్యమైనది తరగతి గోడమీద నున్న పటము. ఉప్పల్, నాచారము, హబ్సిగూడ, రామంతపూర్ ప్రాంతములను పెద్ద కాగితముమీద గీసి, చెరువులను నీలముతోను, కాలువలను ఎఱ్ఱతోను, 2020లో నీరు నిలిచిన వీధులను చుక్కలతోను గుర్తించితిమి. పెద్దచెరువునుండి వచ్చు ఎఱ్ఱగీత రెండుచోట్ల తెగిపోయి యున్నది. అచ్చట కాలువ ఏ ఇండ్లక్రింద పోవుచున్నదో పిల్లలకు దొరకలేదు. ఇరువది ముప్పది సంవత్సరములుగా ఆ వీధులలో కాపురమున్న తలిదండ్రులు, తాతలు, అవ్వలు ఎవరైనను శనివారము మధ్యాహ్నము బడికి వచ్చి ఆ త్రోవను చూపినచో, వానకాలము రాకముందే గీతను కలుపుదుము. ఎఱ్ఱపెన్సిలు పటము ప్రక్కనే దారముతో కట్టి యుంచితిమి.